మూడు భాషల బేరం
బైరెడ్డిపల్లెలో టమోటా గంప దించిన అవ్వ మనవడిని తెలుగులో తిడుతుంది, పేర్ణంబట్టు వ్యాపారితో అరవంలో బేరమాడుతుంది, ముళబాగిలు బస్సు కండక్టరును కన్నడంలో చిల్లర అడుగుతుంది. పలక పట్టి ఎరగదు. మెదడుకు ఇంతకంటే కసరత్తేముంది? హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది: రెండో భాష వచ్చినవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువురానివాళ్లలోనూ. భాష ఒక్కటే మందని నేననను. బీపీ, షుగరు, చెవుడు కూడా చూసుకోవాల్సినవే. కానీ అవ్వ మాటను సంకరమని వెక్కిరించి, పిల్లలకు ఇంగ్లీషొక్కటే మిగిల్చే మన తెలివిని ఏమనాలి? నేనైతే ఈ వయసులో కన్నడ అక్షరాలు దిద్దుతున్నా. తలకట్టు దగ్గరే ఇంకా తికమక.