ఏకాకి యాత్ర – పంచ ఋణస్మృతి

వెనుక ట్రైలర్‌ను తగిలించుకొని, వాహనంపై కయాక్ అనే సన్నని పడవను కట్టుకొని, అమెరికా నైరుతి భాగంలోని యూటా, ఆరిజోనా మరుభూములలో ఒంటరిగా దినాల తరబడి సంచరించేవారు ఉన్నారు. ఆ దేశంలో నివసించే తెలుగువారిలోనూ ఇట్టి యాత్రాప్రియులు లేకపోలేదు. స్వదేశంలోని తల్లిదండ్రులు దీనిని వృథాసాహసమని నిందిస్తారు. యాత్రికులు కొందరు ఇదే తమ తపస్సని సమర్థించుకొంటారు. శాస్త్రదృష్టితో విచారిస్తే ఈ రెండు మాటలూ నిలువవు.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు ధ్యానయోగిని గూర్చి చెబుతూ ఏకాకిత్వాన్నీ అపరిగ్రహాన్నీ ఒకే శ్లోకంలో నిర్దేశించాడు. ఇంటినే వెంట లాక్కొని పోయేవాడు అపరిగ్రహి ఎట్లా అవుతాడని పరిహసించడం సులభం. కాని ఆ మరుభూమిలో మనిషికి దినానికి సుమారు 4 లీటర్ల నీరైనా వెంట ఉండాలని అక్కడి జాతీయ ఉద్యానవనాల అధికారులు హెచ్చరిస్తారు. ప్రాణధారణకు కావలసినది పరిగ్రహం కాదు. దానికి మించినదే పరిగ్రహం. ట్రైలర్ స్వయంగా ఈ వివేకాన్ని నేర్పుతుంది. దాని మొత్తం బరువులో 10 నుండి 15 శాతం ముందున్న కొక్కెంపై పడేటట్లు సామాను సర్దాలి. బరువంతా వెనుకకు చేరితే, వేగంలో ట్రైలర్ ఊగిపోయి లాగే వాహనాన్నే అదుపు తప్పిస్తుంది. గతాన్ని మోసే మనస్సు గతి కూడ ఇంతే.

ఇక విచార్యమైనది ఏకాకి అనే పదం. ఆ యాత్రికుడు నిజంగా ఒంటరివాడా? రహదారిని వేసినవారు, ఇంధనాన్ని చేర్చినవారు, వాతావరణ సూచన అందించినవారు అదృశ్యంగా అతని వెంటనే ఉన్నారు. చెప్పిన దినానికి తిరిగి రాకపోతే వెదకించవలసిన ఆత్మీయుడు ఒకడు ఎక్కడో ఎదురుచూస్తూ ఉన్నాడు. గృహస్థునికి విధింపబడిన పంచమహాయజ్ఞాలు దేవ, ఋషి, పితృ, మనుష్య, భూతములను ఉద్దేశించినవి. ఈ ఐదింటి ఋణం నిర్జనప్రదేశంలో తీరిపోదు. అక్కడే ప్రస్ఫుటంగా గోచరిస్తుంది.

కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనుక పావెల్ సరస్సు ఉన్నది. 1963లో నిండడం ఆరంభమై, 1980లో మొదటిసారి పూర్తిగా నిండినది. ఎర్రని శిలాకుడ్యాల నడుమ కయాక్‌లో సాగేవానికి అది పరమనిశ్శబ్ద స్థానం. కాని ఆ జలం క్రింద ఆదివాసుల పూర్వికుల నివాసాలు మునిగి ఉన్నవి. శ్రీశైల జలాశయంలో మునిగి, నీరు తగ్గినప్పుడే దర్శనమిచ్చే సంగమేశ్వరాలయాన్ని ఎరిగిన తెలుగువారికి దీనిని వివరించనక్కరలేదు. ఆ సరస్సు అంచునే ఉన్న రెయిన్‌బో బ్రిడ్జ్ అనే మహాశిలాతోరణం నవాహో మొదలైన జాతులకు పవిత్రం. దాని క్రింద నడవవద్దని సందర్శకులను కోరుతారు. ఆ విన్నపాన్ని మన్నించడం పితృ, మనుష్య ఋణాలను గౌరవించడమే.

సరస్సుకు ఎవరి పేరు పెట్టారో ఆ జాన్ వెస్లీ పావెల్ యుద్ధంలో కుడిచేతిని కోల్పోయినవాడు. 1869లో 10 మంది, 4 పడవలతో బయలుదేరి ఈ నదీమార్గాన్ని శోధించాడు. అందరూ గమ్యం చేరలేదు. నేటి యాత్రికుని చేతిలోని పటం వెనుక అట్టివారి శ్రమ ఉన్నది. దిగువన గ్రాండ్ కాన్యన్‌లో విష్ణు, శివ నామాలు గల శిఖరాలున్నవి. వీటిని చూపి అక్కడ పూర్వం మన ధర్మమే ఉండేదని చెప్పడం అసత్యం. 19వ శతాబ్దంలో క్లారెన్స్ డటన్ అనే అమెరికా భూవిజ్ఞాని పెట్టిన పేర్లవి. భక్తి పేరిట అసత్యాన్ని పలకకపోవడమూ ఋషిఋణంలోనిదే.

దేవతలను మరచినవానికి ఎడారి గుర్తు చేస్తుంది. 1997 ఆగస్టు 12న ఆ సరస్సు సమీపంలోని ఆంటిలోప్ కాన్యన్ ఇరుకులో, ఎక్కడో దూరాన కురిసిన వానకు వరద విరుచుకుపడి 11 మంది మరణించారు. తలపై నిర్మలాకాశం ఉన్నంత మాత్రాన వరుణుడు దూరమైనట్లు కాదు.

భూతఋణం అన్నింటికంటె సూక్ష్మం. ఆ సరస్సులో క్వాగా అనే చిన్న ఆల్చిప్పలు చేరి ఉన్నవి. వాటిని మరొక జలానికి మోసుకొనిపోకుండా పడవను కడిగి, నీరు వంచి, పూర్తిగా ఆరబెట్టాలి. నేలపై నల్లగా కనిపించే పొర సూక్ష్మజీవులతో సజీవమైనది. ఒక్క అడుగు పడినా కోలుకోవడానికి ఏళ్ళు, ఒక్కొక్కచోట దశాబ్దాలు పడుతుంది. చూసేవారు ఎవరూ లేనిచోట ఆ నియమాన్ని పాటించినవాడే ఏకాంతాన్ని సద్వినియోగం చేసుకొన్నవాడు.

కనుక తల్లిదండ్రులు నిషేధించవలసిన పని లేదు. నీరు ఎంత ఉన్నది, రక్షణ కవచం ధరిస్తున్నావా, తిరిగివచ్చే వేళ ఎవరికి చెప్పావు అని అడిగితే చాలు. యాత్రికుడు దీనిని తపస్సు అనకుండా యాత్ర అంటే చాలు. తపస్సో కాదో యాత్ర ముగిసిన దినాన తెలుస్తుంది. పడవను ఆరబెట్టి, ఎదురుచూస్తున్నవారికి ముందుగా క్షేమవార్త చెప్పి, ఆ తరువాతనే చిత్రాలను లోకానికి చూపినవాడు ఋణాన్ని ఎరిగినవాడు. ఋణాన్ని ఎరిగినవానికే ఏకాంతం ఫలిస్తుంది.

శుభం భూయాత్.