మెజారిటీ లేని ప్రధాని: కూర్మా వెంకటరెడ్డి నాయుడు

మద్రాసు రాష్ట్ర పాలకుల జాబితాలో 1937 ఏప్రిల్ 1 నుంచి జులై 14 వరకు నడిచిన మూడున్నర నెలల ప్రభుత్వానికి అధినేతగా కనిపించే కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1875లో రాజమహేంద్రవరంలో పుట్టి, న్యాయవాద వృత్తి సాగించి రాజకీయాల్లోకి వచ్చినవారు. గవర్నరు కూర్చోబెట్టిన తాత్కాలిక రాష్ట్ర ప్రధానిగా ఆయన్ని ఒక్క వాక్యంలో ముగించడం వాడుక అయింది. ఆ మాట అబద్ధం కాదు గాని, మంత్రి, దౌత్యవేత్త, తాత్కాలిక గవర్నరు, ప్రధాని, ఉపకులపతి వంటి పదవులన్నీ చేపట్టిన నాయకుడు జనంలో పునాది లేకుండానే ఎలా మిగిలిపోయాడన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. ఆయన రాజకీయాన్ని చివరిదాకా వకాల్తాగానే నడిపారు. వాదన వినవలసింది అధికారంలో ఉన్నవారే తప్ప ఓటరు కాదన్నట్టుగా ఆయన ప్రస్థానం సాగింది.

ఆ ధోరణికి మూలాలు డెల్టాలోనే ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మాగాణి విస్తరించి, భూమి విలువ పెరిగి, జమీందారీ హక్కులూ ఈనాములూ శిస్తులూ కాలువ నీళ్లూ కోర్టు వ్యాజ్యాలుగా మారడంతో, రాజమహేంద్రవరంలో ప్లీడరు వృత్తి డబ్బుకూ పరపతికీ దగ్గరి దారి అయింది. ‘ది హిందూ’ పత్రిక స్థాపకుల్లో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు ఈ ఊరి వకీలే. టంగుటూరి ప్రకాశం లండన్ వెళ్లి బారిస్టరు కాకముందు ఇక్కడే ప్లీడరుగా పనిచేసి, పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యారు. తెలగ కుటుంబంలో పుట్టిన వెంకటరెడ్డి నాయుడు మాత్రం, ఉద్యోగాల్లోనూ వృత్తుల్లోనూ బ్రాహ్మణుల ఆధిక్యాన్ని ప్రశ్నిస్తూ 1916లో మొదలైన దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య వైపు, అంటే తర్వాత జస్టిస్ పార్టీగా పేరుపడిన సంస్థ వైపు నడిచారు.

ఆయన అసలు ప్రవేశం 1919లో లండన్‌లో జరిగింది. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల బిల్లును పరిశీలిస్తున్న పార్లమెంటరీ ఉమ్మడి సంఘం ముందు బ్రాహ్మణేతరుల వాదన వినిపించేందుకు వెళ్లిన బృందంలో ఆయన సభ్యుడు. పార్టీ ప్రధాన వక్త డాక్టర్ టి.ఎం. నాయర్ ఆ జులైలోనే అక్కడ మరణించడంతో భారం మిగిలినవారి మీద పడింది. చివరకు 1920లో మెస్టన్ తీర్పు పేరుతో మద్రాసు శాసనమండలిలో 28 స్థానాలు బ్రాహ్మణేతరులకు కేటాయింపు అయ్యాయి. అడిగినదాని కంటే తక్కువే అయినా, ఒక సామాజిక వాదనకు చట్టరూపం వచ్చింది. దానిని చిన్న విజయమనడం న్యాయం కాదు.

కాంగ్రెస్ బహిష్కరించిన 1920 ఎన్నికల తర్వాత ఏర్పడిన మంత్రివర్గంలో ఆయన అభివృద్ధి శాఖ మంత్రి అయ్యారు. అది ద్వంద్వ ప్రభుత్వ కాలం: వ్యవసాయం, పరిశ్రమలు, విద్య వంటి శాఖలు భారతీయ మంత్రుల చేతికి వచ్చినా, ఖజానా, శాంతిభద్రతలు గవర్నరు కార్యనిర్వాహక మండలి దగ్గరే ఉండిపోయాయి. ఆ పరిమితుల్లోనే పరిశ్రమలకు ప్రభుత్వ సాయం అందించే చట్టం వచ్చింది. అయితే మంత్రులైన పానగల్ రాజా, ఎ.పి. పాత్రో, వెంకటరెడ్డి నాయుడు ముగ్గురూ తెలుగువారే కావడంతో పార్టీలోని తమిళ సభ్యుల్లో అసంతృప్తి ముదిరి, 1923 ఎన్నికల తర్వాత ఆయన స్థానం టి.ఎన్. శివజ్ఞానం పిళ్లైకి వెళ్లింది. బ్రాహ్మణేతర ఐక్యత కోసం లండన్‌లో వాదించిన నాయకుడు, అదే పార్టీలో ప్రాంతాల పంపకం లెక్కకు బలికావడం గమనించదగినది.

తర్వాతి మెట్లన్నీ నియామకాలే. 1928లో జెనీవాలో నానాజాతి సమితి సమావేశానికి భారత ప్రతినిధిగా వెళ్లారు, 1929లో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి తర్వాత దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటు అయ్యారు. రాయబారికి ఉండే పూర్తి హోదా లేకపోయినా, అక్కడి భారతీయుల పక్షాన ఆ దేశ ప్రభుత్వంతో సంప్రదించడం ఈ పదవి పని. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి అప్పటికి అక్కడ స్థిరపడి ఉంది. ఆయన పదవిలో ఉండగానే, 1931లో, వారి ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాసుల భూమి హక్కులను కుదించే చట్టం మాత్రం 1932లో వచ్చి తీరింది. వెనుక శక్తి లేని వాదన ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తిరిగి వచ్చాక గవర్నరు కార్యనిర్వాహక మండలిలో చేరి, 1936లో గవర్నరు లార్డ్ ఎర్‌స్కిన్ సెలవు మీద ఉన్న కొద్ది నెలలు తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించారు. మరుసటి ఏడాది 1935 భారత ప్రభుత్వ చట్టం కింద జరిగిన ఎన్నికల్లో కాంగ్రెస్ మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 159 గెలిచింది. జస్టిస్ పార్టీ అధినేత బొబ్బిలి రాజా సైతం వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. గవర్నరు తన ప్రత్యేకాధికారాలను వాడబోనని హామీ ఇస్తే తప్ప పదవి చేపట్టబోమని కాంగ్రెస్ పట్టుబట్టినప్పుడు, ఎర్‌స్కిన్ ముందు శ్రీనివాస శాస్త్రిని అడిగారు. ఆయన కాదన్నారు, వెంకటరెడ్డి నాయుడు ఔనన్నారు.

ఈ ఔను దగ్గరే విమర్శకుడు ఆగవలసి ఉంటుంది. కొత్త సభను ఆరు నెలల్లోగా పిలిస్తే చాలన్న నియమం వల్ల, విశ్వాస పరీక్ష లేకుండానే పాలన సాగించే వీలు ఆ చట్టంలో ఉంది. అక్షరం ప్రకారం మంత్రివర్గం చెల్లుతుంది, బాధ్యతాయుత ప్రభుత్వ సూత్రం ప్రకారం చెల్లదు. రాజ్యాంగ పండితుడు బెరిడేల్ కీత్ విమర్శ సారాంశం కూడా ఇదే. కాంగ్రెస్ గెలిచిన ఆరు రాష్ట్రాల్లోనూ ఇదే ఏర్పాటు జరిగింది. ఒరిస్సాలో పర్లాకిమిడి మహారాజా, మధ్య పరగణాల్లో ఇ. రాఘవేంద్రరావు ఇలాంటి మంత్రివర్గాలే నడిపారు; ఆ రాఘవేంద్రరావు కూడా 1936లో తమ రాష్ట్రానికి తాత్కాలిక గవర్నరుగా ఉన్నవారే. అయితే మద్రాసు మంత్రివర్గానికి దక్కవలసిన ఒక గుర్తింపు ఉంది: అణగారిన వర్గాల నాయకుడు ఎం.సి. రాజా మంత్రి అయింది అందులోనే.

కాంగ్రెస్ అడిగిన హామీ విషయమై జూన్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రకటన, పదవులు చేపట్టాలని జులై మొదట్లో వార్ధాలో కాంగ్రెస్ కార్యవర్గ నిర్ణయం వచ్చాక, జులై 14న కాంగ్రెస్ నాయకుడు రాజాజీ ప్రధానిగా ప్రమాణ స్వీకారం చేశారు. వెంకటరెడ్డి నాయుడి చేతిలో ఉన్న రెవెన్యూ శాఖ రాజమహేంద్రవరంలో ప్లీడరీ చేసిన ప్రకాశానికి వెళ్లింది. ప్రకాశం మద్రాసులో బాగా గడిస్తున్న ప్రాక్టీసును 1921లో వదులుకుని జనంలోకి వెళ్లినవారు. జమీందారీ సమస్యపై ఆయన నాయకత్వంలోని సంఘం 1938లో ఇచ్చిన నివేదిక, డెల్టా కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగిన తగాదాలనే శాసనసభ ముందుకు తెచ్చింది.

వెంకటరెడ్డి నాయుడు 1940లో శ్రీనివాస శాస్త్రి ఖాళీ చేసిన అణ్ణామలై విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిలో చేరి, 1942లో మరణించారు. ఆయన సామర్థ్యాన్ని శంకించడానికి ఆధారమేదీ లేదు. లోపం ఆయన ఎంచుకున్న దారిలో ఉంది. మంజూరైన పదవి మంజూరు చేసినవారి అవసరంతోనే ముగిసిపోయింది. ప్రకాశం 1946 ఏప్రిల్ 30న అదే కుర్చీలో కూర్చున్నది ఎన్నికైన సభలోని మెజారిటీ పార్టీ నాయకుడిగా.