ఆడకూలి - మగకూలి

వరినాట్ల కాలంలో పల్లెల్లో ఒక ప్రశ్న తరచుగా వినబడుతుంది. "ఈ ఏడు ఆడకూలి ఎంత? మగకూలి ఎంత?" అడిగేవారికి గాని చెప్పేవారికి గాని అందులో వింత ఏమీ తోచదు. బియ్యానికి ఒక ధర, జొన్నలకు ఒక ధర ఉన్నట్లే మనుషుల చెమటకు కూడ రెండు ధరలు ఉంటాయని చిన్ననాటి నుంచి మన చెవులు అలవాటు పడ్డాయి. ఈ అలవాటు న్యాయమైనది కాదని నా అభిప్రాయం. అంతేకాదు, ఈ తేడా కూలి డబ్బులు లెక్కపెట్టే చోట పుట్టటం లేదు. అంతకంటె ముందే, పనికి పేరు పెట్టే చోట పుడుతున్నది.

చట్టంలో లోపం పెద్దగా లేదు. స్త్రీ పురుషులకు సమానమైన పనికి సమాన వేతనం లభించేటట్లు ప్రభుత్వ విధానాలు నడవాలని మన రాజ్యాంగంలోని 39వ అధికరణం చెబుతున్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో ఈ విషయం మీదనే ఒక ఒడంబడిక చేయగా, 1958లో భారతదేశం దానిని ఆమోదించింది. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో ఒక ఆర్డినెన్సు, మరుసటి ఏడు సమాన వేతన చట్టం వచ్చాయి. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్ ఉన్నది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఒకే పనికి గాని, ఒకే తరహా పనికి గాని స్త్రీ అయినందువల్ల తక్కువ ఇవ్వరాదన్నది ఈ రెండింటిలోనూ ఉన్న మాట. సమానం చేసే నెపంతో ఎక్కువ పొందేవారి వేతనం తగ్గించరాదని కూడ అందులో ఉన్నది.

మరి ఆడకూలి, మగకూలి ఇంకా ఎందుకు నిలిచి ఉన్నాయి? దున్నటం, గట్లు చెక్కటం, మూటలు మోయటం మగపని అన్నాము. నాటు వేయటం, కలుపు తీయటం ఆడపని అన్నాము. పనులు వేరు కాబట్టి కూలి వేరు అని సమాధానపడ్డాము. "ఒకే తరహా పని" అన్న చట్టం మాట పొలం గట్టు దగ్గరే ఆగిపోయింది.

మగవాడికి కండబలం ఎక్కువ కాబట్టి కూలి ఎక్కువ అనేవారున్నారు. బస్తా మోసేవాడి బలం కంటికి కనబడుతుంది, నిజమే. కాని మోకాటిలోతు బురదలో, పొద్దున మొదలు సాయంకాలం వరకు నడుము వంచి నాటు వేయటానికి ఏ బలమూ అక్కరలేదా? ఆ పని వేగంగా, వరుస తప్పకుండా చేసే నేర్పు స్త్రీలకే ఉన్నదని రైతులే ఒప్పుకుంటారు. నేర్పును ఒప్పుకున్న నోటితోనే కూలి తగ్గించి చెబుతారు. ఇక ఇంటిని పోషించేవాడు మగవాడు కాబట్టి అతడికి ఎక్కువ ఇవ్వాలన్న వాదం మరొకటి. కూలి ఇచ్చేచోట పెళ్ళికాని యువకుణ్ణి "నీ ఇంట్లో తినేవారు ఎందరు?" అని ఎవరూ అడగరు. ముగ్గురు పిల్లలను ఒంటరిగా సాకుతున్న వితంతువును కూడ అడగరు. అతడికి మగకూలి, ఆమెకు ఆడకూలి ముట్టుతుంది.

కండబలంతో నిమిత్తం లేని చోట కూడ ఈ తేడా ఉన్నదంటే ఆ వాదం ఎంత బలహీనమో తెలుస్తుంది. బొంబాయిలోని ఒక ఓడల కంపెనీలో పురుష స్టెనోగ్రాఫర్లకు ఒక జీతం, స్త్రీలకు అంతకంటె తక్కువ జీతం ఉండేవి. స్త్రీలు అధికారుల దగ్గర ఆంతరంగిక స్టెనోగ్రాఫర్లుగా ఉన్నారు, వారి పని వేరు అని కంపెనీ వాదించింది. 1987లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. సమానంగా ఇచ్చే ఆర్థిక స్తోమత లేదన్న సాకును కూడ కొట్టివేసింది. షార్ట్‌హాండు రాసే చేతికి కావలసింది వేగం, శ్రద్ధ. అవి చేతిని బట్టి వస్తాయి గాని ఆడా మగా అన్నదాన్ని బట్టి రావు.

ఇది మన దేశంలోనే ఉన్న జాడ్యం అనుకోరాదు. ఇంగ్లండులోని డాగెన్‌హాంలో ఫోర్డు కార్ల కర్మాగారం ఉండేది. అక్కడ కార్ల సీట్లకు తొడుగులు కుట్టే స్త్రీలు 1968లో సమ్మె చేశారు. వారి కుట్టుపనిని యాజమాన్యం నైపుణ్యం తక్కువైన పనుల తరగతిలో చేర్చటమే వారి ఆగ్రహానికి మూలం. ఆ సమ్మె ప్రభావంతో 1970లో బ్రిటిషు పార్లమెంటు సమాన వేతన చట్టం చేసింది. అయితే తమ పనిని నైపుణ్యం గల తరగతిలోకి ఎక్కించుకోవటానికి ఆ స్త్రీలు 1984 దాకా ఆగవలసి వచ్చింది, మళ్ళీ సమ్మె చేయవలసి వచ్చింది. డబ్బు కొంత ముందుగానే పెరిగింది. పని పేరు మారటానికి పదహారేళ్ళు పట్టింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ షోలాపూర్. నూరేళ్ళకు పైగా తెలంగాణ పల్లెల నుంచి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు ఆ ఊరిలో స్థిరపడ్డాయి. మీలో కొందరి ఇళ్ళు ఆ వీధులలోనే ఉండవచ్చు. అక్కడ మరమగ్గం మీద చద్దరు, తువాలు నేసేవాడు ఎక్కువగా మగవాడు. గుమ్మం దగ్గర చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది ఆడది. తునికాకు తడిపి, కొలతకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, కొస మడిచి, దారం కట్టాలి. నేర్పుగల స్త్రీ కూడ రోజంతా కూర్చుంటే గాని వెయ్యి బీడీలు పూర్తి కావు. కూలి వెయ్యికి ఇంత అని కడతారు. బాగా లేవని పక్కకు తీసివేసిన బీడీలకు పట్టిన సమయం ఆమెదే, నష్టమూ ఆమెదే. (బీడీ ఆరోగ్యానికి చేటు అన్నది వేరే పాఠం. దానిని చుట్టే స్త్రీ కూడ పొగాకు దుమ్ము పీలుస్తున్నదని ఆ పాఠంలో చేర్చాలి.)

"ఇంట్లో కూర్చుని, తీరిక వేళల్లో నాలుగు డబ్బులు సంపాదిస్తున్నది" అని ఆమెను గురించి అంటారు. వంటకూ, నీళ్ళకూ, బీడీలకూ మధ్య ఆమెకు తీరిక ఎక్కడిదో చెప్పరు. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చి, ఇంటి దగ్గర పనిచేసేవారిని కూడ కార్మికులుగా గుర్తించింది. మంగళూరు బీడీ యాజమాన్యం వంటివి దానిని సవాలు చేయగా, 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. ఇల్లు కూడ పనిచోటేనని గుర్తించిన చట్టం అది. గుర్తింపు కార్డు, భవిష్యనిధి అన్న మాటలు ఆ వీధులలోకి వచ్చింది అటువంటి గుర్తింపు వల్ల, కార్మిక సంఘాల పోరాటాల వల్లనే.

మగ్గం సంగతి కూడ చూడండి. చేనేత ఇంట్లో చీర నేసిన కూలి నేతగాడి చేతికి వస్తుంది. కండెలు చుట్టింది భార్య, కూతురు. వారికి వేరే కూలి లేదు. వారు చేసింది "చేతిసాయం". పోచంపల్లి చీరలకు ఆసు పోయటం అని ఒక పని ఉన్నది. అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల చుట్టూ నూలును తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. తరతరాలుగా ఇది ఆడవారి పని. భుజం నొప్పితో తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం ఆయనకు అన్నివిధాల తగినదే. కాని యంత్రం చేసేదాకా ఆ తొమ్మిది వేల కదలికలను ఎవరైనా లెక్కించారా, వాటికి కూలి కట్టారా అన్నది ఆలోచించవలసిన విషయం.

మన వ్యాకరణంలో "అతడు వచ్చాడు" అంటాము. "ఆమె వచ్చింది", "ఎద్దు వచ్చింది" అంటాము. స్త్రీలు పలువురైతే మాత్రం "వారు వచ్చారు" అని మర్యాద దక్కుతుంది. వ్యాకరణానికీ కూలికీ సంబంధం అంటగట్టటం నా ఉద్దేశం కాదు. అయినా బీడీ కార్మికుల సంఘాలను తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ సూత్రం జ్ఞాపకం వస్తుంది.

పేరుతో కూలి తగ్గించటంలో ప్రభుత్వాలు కూడ వెనుకబడి లేవు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీల మీద నడుస్తున్నది. పిల్లలకు తిండి పెట్టేది, బరువు తూచేది, అక్షరాలు దిద్దించేది, సర్వేలకు ఇల్లిల్లూ తిరిగేది ఆ కార్యకర్తలే. వారికి ఇచ్చేదాన్ని జీతం అనరు, "గౌరవ వేతనం" అంటారు. 2018లో కేంద్రం తన వంతును పెంచినప్పుడు కూడ అది నెలకు 4,500 రూపాయలు, సహాయకురాలికి 2,250. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. గౌరవం అన్న మాట ముందు చేరితే వేతనం తగ్గటం ఈ ఒక్క సమాసంలోనే చూశాను. వీరికి గ్రాట్యుటీ పొందే హక్కు ఉన్నదని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

రేటు ఒకటే చేస్తే ఏమవుతుందో కూడ మనం చూశాము. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో స్త్రీకీ పురుషుడికీ ఒకే కూలి పెట్టారు. మూడోవంతు స్త్రీలుండాలని చట్టం అడిగితే, దేశం మొత్తం మీద సగానికి మించి వచ్చారు. తమిళనాడులో పనిదినాలలో ఐదింట నాలుగు వంతులు దాటి స్త్రీలవే. (2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరొకటి చేసింది.) క్రికెట్టు బోర్డు కూడ 2022లో మ్యాచి రుసుము సమానం చేసింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, ట్వంటీ-ట్వంటీకి 3 లక్షలు ఇద్దరికీ ఒకటే. అయితే స్త్రీలకు టెస్టులు ఏడాదికి ఎన్ని పెడుతున్నారు? రేటు సమానమైనా పనిదినాలు సమానం కాకపోతే సంవత్సరాంతంలో చేతికి వచ్చేది సమానం కాదు.

ఆ పనిదినాలను తినేస్తున్నది చాలావరకు ఇంటిచాకిరీ. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. మిగిలిన వేళలో ఇంటికి దగ్గరగా, వేళ కలిసివచ్చేటట్లు దొరికిన పని ఏదైతే అది స్త్రీ ఒప్పుకోవలసి వస్తున్నది. అటువంటి పనికి కూలి తక్కువ.

చదువుకున్న ఉద్యోగినుల స్థితి మెరుగే గాని, అక్కడ అడ్డు మరొక రూపంలో ఉన్నది. కొడగుకు చెందిన సి.బి. ముత్తమ్మ 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ. పెళ్ళి చేసుకోవాలంటే స్త్రీ ప్రభుత్వం నుంచి రాతమూలకంగా అనుమతి పొందాలని ఆ సర్వీసు నియమం. పురుషుడికి ఆ నియమం లేదు. ఆమె వేసిన వ్యాజ్యంలో 1979లో సుప్రీంకోర్టు ఈ నియమాలను తీవ్రంగా విమర్శించింది. నియమం పోయింది గాని, "పెళ్ళయితే మానేస్తుంది, కాన్పుకు సెలవు పెడుతుంది" అన్న లెక్క యజమానుల మనస్సులో మిగిలే ఉన్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఇచ్చిన 12 వారాల సెలవును 2017లో 26 వారాలకు పెంచారు. ఇది మంచి సవరణే. కాని ఆ కాలపు జీతం ఆ చట్టం కింద యజమానే ఇచ్చుకోవలసి వచ్చేది. ఖర్చుకు జంకి, స్త్రీని తీసుకోకుండా ఉండే చిన్న సంస్థలు ఉంటాయి. స్త్రీని నియమించటంలో వివక్ష చూపరాదని చట్టం ఉన్నా, తీసుకోకపోవటానికి ఎవరూ కారణం రాసి ఇవ్వరు. ఇ.ఎస్.ఐ. పరిధిలో ఉన్న కార్మికురాలికి ప్రసూతి భృతి ఇచ్చేది యజమాని కాదు. యజమాని, కార్మికులు కలిసి చెల్లించే బీమా నిధి. ఆ భారం స్త్రీలను నియమించినవాడి మీదనే కాక, స్త్రీలను ఒక్కరినైనా తీసుకోనివాడి మీద కూడ పడుతుంది. ఈ పద్ధతిని చిన్న కార్యాలయాలకు, దుకాణాలకు, ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారికి, పొలం పనివారికి విస్తరించాలని నేను కోరుతున్నాను.