త్రిత్వం, ఏకత్వం, రాజదండం

దేవుడు ఒక్కడేనా, మూడు రూపాల ఒక్కడా అన్న క్రైస్తవ వివాదం గ్రంథచర్చతోనే తేలిందని నమ్మించే పండితులున్నారు. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు.

325లో నైసియా సభను పిలిచినవాడు కాన్‌స్టాంటైన్ చక్రవర్తి. సభ తీర్మానానికి తలవంచని ఏరియస్‌కు దేశబహిష్కారం విధించారు. తర్వాత ఏరియస్ పక్షం వైపు మొగ్గిన చక్రవర్తి వచ్చాడు. త్రిత్వవాది అథనేసియస్ ప్రవాసం పాలయ్యాడు. 380లో థియొడోసియస్ శాసనం త్రిత్వాన్ని రాజమతం చేసింది. ఇందులో తర్కం నెగ్గిందెక్కడ?

1553లో త్రిత్వాన్ని ఖండించిన సెర్వెటస్ బొమ్మను ఫ్రాన్సులో కాథలిక్కులు తగలబెట్టారు. అదే ఏడు జెనీవాలో ప్రొటెస్టెంట్లు మనిషినే తగలబెట్టారు. పట్టించినవాడు సంస్కర్త కాల్విన్!

పోనీ, ఏకత్వవాదులు పునీతులా? ట్రాన్సిల్వేనియాలో వారి నాయకుడు ఫెరెన్త్స్ డావిడ్, క్రీస్తును ప్రార్థించరాదన్నందుకు 1579లో దేవా కోట చెరలో మరణించాడు. ఏలికకు ఫిర్యాదు చేసింది ఒకనాటి సహచరుడు బియాండ్రాటాయే.

కనుక దోషాన్ని ఒకటి, మూడు అన్న అంకెల్లో వెదకడం వృథా. ఏ పక్షమైనా సరే, రాజదండాన్ని అరువు తెచ్చుకున్న నాడే తన వాదం చాలలేదని ఒప్పుకున్నట్టు. విశ్వాసాన్ని చట్టంతో నెగ్గించజూచే నేటివారికీ ఇదే మన జవాబు.