ఒక్క టిక్కీ చూసి యార్డంతటికీ ధర కడతారా?

2024 డిసెంబరు 9, 10 తేదీల్లో ప్రభుత్వం జిల్లాకొక సచివాలయం చొప్పున పింఛన్లు తనిఖీ చేయించింది. దాదాపు 11 వేల మందిని చూసి, 500 మందికి పైగా అనర్హులని తేల్చింది. ‘పది వేలకు ఐదు వందలు’ అన్న ఆ లెక్కే 60 లక్షలు దాటిన పింఛనుదారులందరి మీదా పడింది. 2025 జనవరి నుంచి దివ్యాంగుల పింఛన్ల తనిఖీ మొదలైంది.

మన పల్నాడులో సాగర్ కుడికాలువ కింద మాగాణి ఉంది. మాచర్ల, గురజాల వైపు కాలువ అందని మెట్ట ఊళ్లు, తండాలున్నాయి. అర్హతకు మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలని వేరు హద్దులు పెట్టినవారికి, తనిఖీకి ఒక్క సచివాలయం ఎలా సరిపోయింది? మిర్చి కొనే వ్యాపారి కూడా నాలుగు టిక్కీలు విప్పి చూస్తాడే!

అసలు లోపం ఇంకోటి. పింఛను తీసుకునేవారి జాబితాతో వెళితే తీసేయాల్సినవారే దొరుకుతారు. అర్హత ఉండీ అందని కౌలురైతు, కూలీ ముసలితల్లి ఆ కాగితంలోనే ఉండరు.

అనర్హులను ఉంచమని మనం అడగడం లేదు. ప్రతి మండలంలోనూ చూడండి. అందనివారినీ లెక్కించండి. జాబితా గ్రామసభలో చదవండి. నోటీసు, అప్పీలు లేకుండా ఒక్క పింఛనూ ఆపవద్దు. నెలకు ఆ 4 వేలే ఎన్నో ఇళ్లలో మందులూ బియ్యమూ.