భయపడాల్సిన మాత్ర అది కాదు

గుండెదడ, కడుపులో తిప్పడం, మెడ పట్టేయడం, నిద్ర లేకపోవడం. ఈ బాధలతో వచ్చేవాళ్లు ముందు ఈసీజీ తీయించుకుంటారు, తర్వాత థైరాయిడ్ పరీక్ష, ఆపైన ఎండోస్కోపీ. అన్నీ నార్మలేనని తేలాక ఎవరో ఒక డాక్టరు ‘టెన్షన్’ అని రాత్రికో అల్ప్రాజొలామ్ రాస్తారు. ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. చీటీ గడువు తీరినా మాత్ర ఆగదు. ఏళ్లు గడిచాక మానసిక వైద్యుడు ఎస్సిటాలోప్రామ్ రాస్తే మాత్రం ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు: ‘డిప్రెషన్ మందా? అలవాటైపోదూ?’

అలవాటయ్యేది మొదటి మాత్ర. కొన్ని వారాలు వరుసగా వాడితే మోతాదు చాలదు, ఉన్నట్టుండి ఆపితే వణుకు, నిద్రలేమి, కొందరికి ఫిట్స్. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేదీ ఈ అల్ప్రాజొలామే. 2015లో నిజామాబాద్ జిల్లాలో ఆ కల్లు ఆగిపోయేసరికి జనం ఏ స్థితిలో ఆసుపత్రులకు చేరారో చూశాం. ఈ మందు కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు ఉంచాలని 2014 నుంచి మందుల దుకాణాలకు నిబంధన ఉంది. అది ఎన్ని దుకాణాల్లో అమలవుతోందో ఆ కౌంటరు ముందు నిలబడ్డ ఎవరికైనా తెలుసు.

నెలల తరబడి వదలని ఆందోళనకు ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్, డ్యులోక్సెటిన్ వంటివి వాడటం కొత్త ప్రయోగమేమీ కాదు. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 89 ఔషధ పరీక్షలను, పాతిక వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. బాగా పనిచేసి, రోగులు తట్టుకోగలిగిన మందుల్లో ఎస్సిటాలోప్రామ్, వెన్లాఫాక్సిన్, డ్యులోక్సెటిన్ నిలిచాయి. అల్ప్రాజొలామ్ జాతి మందులూ ఆందోళనను తగ్గించాయి గానీ, వాటిని తట్టుకోలేక మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువ. యాంటీ డిప్రెసెంట్లు అద్భుతాలు చేయవు. మందు లేని ఉత్తుత్తి మాత్రతోనూ చాలామందికి కొంత ఉపశమనం కలుగుతుంది. మందు దానిమీద మరికొంత మేలు చేస్తుంది. మెదడులో సెరటోనిన్ తగ్గిందని, మాత్ర దాన్ని నింపుతుందని చెప్పే కథకు గట్టి ఆధారం లేదు. ఆ కథ చెప్పకుండానే మందు ఇవ్వవచ్చు.

అసలు నష్టం మొదటి పదిహేను రోజుల్లో జరుగుతోంది. ఈ మందు రెండు నుంచి నాలుగు వారాలకు గానీ పని మొదలెట్టదు, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా వికారం, తలనొప్పి, ఒక్కోసారి ముందున్నదానికంటే ఎక్కువ గాబరా. ఈ సంగతి ముందే చెప్పకపోతే, అసలే ప్రతి చిన్న నొప్పికీ గుండె జారిపోయే మనిషి ఏం చేస్తాడు? నాలుగో రోజున మాత్రలు పక్కన పడేసి, పాత నిద్రమాత్ర అందుకుంటాడు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. పాతికేళ్లలోపు వాళ్లలో తొలివారాల్లో ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు కాబట్టి ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. లైంగిక ఇబ్బందులు రావచ్చు. దీన్ని డాక్టరు చెప్పడు, రోగి అడగడు. కుదుటపడగానే మానేయడం ఇంకో పొరపాటు. మందు కొనసాగించినవారిలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది సుమారు 16 శాతం మందికి, ఆపి ఉత్తుత్తి మాత్రకు మారినవారిలో 36 శాతానికి పైగా. చివరికి ఆపేటప్పుడూ వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి, లేకపోతే తలతిరుగుడు, చిరాకు తప్పవు.

ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు చాలు, రద్దీ ఓపీలో ఆ పది నిమిషాలే లేవు. ఆలోచనా ధోరణిని మార్చే సీబీటీ చికిత్స ఈ మందులకు దీటైనదే అయినా, అది చేసే సైకాలజిస్టు జిల్లా కేంద్రంలోనూ అరుదు. ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. అంత దూరం దాటి వచ్చిన రోగిని నాలుగో రోజున పోగొట్టుకోవడం క్షమించరానిది.

2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఉచితంగా, తెలుగులో కూడా పలుకుతోంది. ఇప్పుడది రోగి ఫోను చేస్తాడని ఎదురుచూస్తోంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ మందు మొదలుపెట్టిన వాళ్ల నంబర్లు వారి అనుమతితో అక్కడికి చేర్చి, మొదటి వారంలో ఒకసారి, రెండో వారంలో ఒకసారి అటునుంచే ఫోను చేయించాలి. దానికి కొత్త భవనాలు, కొత్త చట్టాలు అక్కర్లేదు.