షుగర్ నార్మల్, మరి ఇన్సులిన్?

నలభై దాటిన ఇద్దరు మనవాళ్ల రక్తపరీక్షలు పక్కపక్కన పెట్టి చూద్దాం. పరగడుపున తీసిన గ్లూకోజ్ ఇద్దరికీ 94. ఏ డాక్టరైనా నార్మల్ అనే చెబుతారు, అది నిజమే. అదే రక్తంలో ఇన్సులిన్ కూడా కొలిస్తే ఒకరికి 5, ఇంకొకరికి 20 వచ్చిందనుకోండి. మొదటివారికి కొద్దిపాటి ఇన్సులిన్‌తోనే పని జరిగిపోతోంది. రెండోవారి కండరాలు, కాలేయం ఇన్సులిన్‌కు సరిగా లొంగడం లేదు (దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు) కనుక అదే 94 దగ్గర నిలబెట్టడానికి క్లోమగ్రంథి నాలుగింతలు కష్టపడుతోంది. ఏళ్ల తరబడి అలా శ్రమించి అది అలసిపోయాకే షుగర్ పెరగడం మొదలవుతుంది. బ్రిటన్‌లో వేలమంది రోగులపై జరిగిన పెద్ద అధ్యయనం ప్రకారం, టైప్ 2 షుగర్ బయటపడే నాటికే ఇన్సులిన్ తయారుచేసే శక్తి సుమారు సగానికి పడిపోయి ఉంటుంది. అంటే "నీకు షుగర్ వచ్చింది" అని వినే రోజుకు చాలా ముందే కథ మొదలైందన్నమాట.

ఈ సంగతి వైద్యులకు నిన్న మొన్న తెలిసింది కాదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో సోలమన్ బెర్సన్, రోజాలిన్ యాలో కలిసి రక్తంలోని ఇన్సులిన్‌ను కచ్చితంగా కొలిచే పద్ధతిని 1960 నాటికే లోకానికి అందించారు. పెద్దవయసులో షుగర్ వచ్చినవాళ్ల రక్తంలో ఇన్సులిన్ లేకపోవడం అటుంచి, చాలామందిలో ఎక్కువగానే ఉందని వాళ్ల కొలతల్లో తేలింది. ఆ పద్ధతికి యాలో 1977లో నోబెల్ అందుకున్నారు. బెర్సన్ అప్పటికి అయిదేళ్ల క్రితమే కన్నుమూశారు. 1988లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెరాల్డ్ రీవన్ ఈ ఇన్సులిన్ నిరోధకతనే రక్తపోటుతో, ట్రైగ్లిజరైడ్లతో, గుండెజబ్బుతో ముడిపెట్టి చూపించారు.

మనకు ఇది మరీ దగ్గరి విషయం. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో అచ్చువేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! చూడ్డానికి సన్నగా ఉండి, లోపల కొవ్వు పేరుకునే ఒంటితీరు మనది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలవారికి బీఎంఐ 23 దగ్గరే షుగర్ పరీక్షలు మొదలుపెట్టమంటోంది. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి అది 147 పౌండ్లు. మిగతావారికి వర్తించే 25 లెక్కన చూస్తే 160 పౌండ్ల దాకా ఎవరూ పట్టించుకోరు. ఆ పదమూడు పౌండ్ల సందులోనే మనవాళ్లు ఎంతోమంది దొరక్కుండా తప్పిపోతున్నారు.

మరి వెంటనే ఇన్సులిన్ పరీక్ష చేయించుకోవాలా? ఇక్కడ కాస్త నిదానం అవసరం. గ్లూకోజ్‌ను ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగిస్తే వచ్చే హోమా అంకె పైన చెప్పిన ఇద్దరికీ 1.2, 4.6 వస్తుంది. అంత తేడా ఉంటే అర్థం స్పష్టమే. కానీ 2 వచ్చినా, 2.7 వచ్చినా గీత ఎక్కడ గీయాలో నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. ఒక ల్యాబ్ పద్ధతికీ ఇంకో ల్యాబ్ పద్ధతికీ అంకె మారుతుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చిట్లితే ఇన్సులిన్ తగ్గి కనబడుతుంది. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాలను పక్కదారి పట్టిస్తాయి. అందరికీ ఏటా ఈ పరీక్ష చేయాలని ప్రధాన వైద్య సంఘాలు చెప్పడం లేదు, బీమా కూడా అన్నిసార్లూ వర్తించదు. చేయించుకుంటే రాత్రి భోజనం తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్లండి, మళ్లీ చేయించేటప్పుడు అదే ల్యాబ్‌కు వెళ్లండి. వచ్చిన అంకెను యూట్యూబ్‌కు కాక మీ డాక్టరుకు చూపించండి.

ఇన్సులిన్ కొలవకుండానే చాలా కథ చెప్పే ఆధారాలు మన దగ్గరే ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లు 150 చేరడం, మంచి కొలెస్ట్రాల్ మగవారికి 40, ఆడవారికి 50 కంటే తగ్గడం, రక్తపోటు 130/85 చేరడం, పరగడుపు గ్లూకోజ్ 100 తాకడం, నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు చేరడం: ఈ అయిదింట్లో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్. నడుము కొలతకు ప్యాంటు సైజు పనికిరాదు. బొజ్జ కిందికి జారిన ప్యాంటు 34 అనే చెబుతుంది. టేపు బొడ్డు దగ్గర చుట్టి చూడాలి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారితే నలుగు పెట్టి రుద్దకండి, అది ఇన్సులిన్ ఎక్కువైందనడానికి గుర్తు కావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గిన అక్కచెల్లెళ్లు, పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలు మరింత జాగ్రత్త పడాలి. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే షుగర్ కోసం చేసే ఏ1సీ పరీక్ష అంకె తప్పుదారి పట్టించవచ్చు, ఆ మాట కూడా డాక్టరుతో అనండి.

షుగర్ రాకుండా చూసుకోవడం మన చేతిలో లేనిదేమీ కాదు. షుగర్ అంచున ఉన్నవారు ఏడు శాతం బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని 2002లో అమెరికా అధ్యయనం నిరూపించింది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో మన ఆహారం, మన జీవనశైలి మధ్యనే ఆ తగ్గుదల 28.5 శాతం చూసింది. తక్కువే, అయినా షుగర్ వచ్చి ఉండే ప్రతి వందమందిలో ఇరవై ఎనిమిది మందిని కాపాడుకోగలమన్న మాట చిన్నదేం కాదు.

నలభైల్లోనే గుండెపోటుతో వెళ్లిపోయిన సోదరుల కుటుంబాల కోసం విరాళాలు పోగుచేయడం ఏ తెలుగు సంఘానికీ కొత్త కాదు. ఆ కష్టానికి అండగా నిలిచే మనమే పండగ భోజనంలో పులిహోర, పూరీ, బిర్యానీ, పెరుగన్నం, బొబ్బట్టు ఒకే పళ్లెంలో వడ్డిస్తున్నాం. భోజన కమిటీలకు మనవి: బొబ్బట్టు మానక్కర్లేదు. గుగ్గిళ్లు, పెసరట్టు, ఆకుకూర పప్పు, వేపుడు కాని కూరలు వరుసలో ముందు పెట్టండి, అన్నం చివర్న పెట్టండి. భోజనానికీ సాంస్కృతిక కార్యక్రమానికీ మధ్య పావుగంట అందరూ కలిసి నడిచే వీలు కల్పించండి.

పాఠకులకు ఒక్క మాట. ఈసారి వార్షిక పరీక్షకు వెళ్లేటప్పుడు మీ నడుము కొలత, అమ్మానాన్నలకు ఏ వయసులో షుగర్, గుండెజబ్బు వచ్చాయో కాగితం మీద రాసుకెళ్లి డాక్టరు చేతికి ఇవ్వండి. భార్యాభర్తలిద్దరూ వెళ్లండి.